కారు తాళం పోయిందా? కంగారు పడకండి!

ఒకప్పుడు ఇంటి యజమానురాలు ఎవరో ఎవరూ చెప్పనక్కర్లేకుండానే తెలిసిపోయేది. రొంటిన తాళాల గుత్తి ఎవరికి ఉంటే ఆవిడే! బియ్యం గది, బీరువా, భోషాణం, పెరటి తలుపు... అన్నీ ఆ గుత్తిలోనే. అత్తగారు ఆ గుత్తి తీసి కోడలి చేతిలో పెట్టిన రోజున ఇల్లు అప్పగించినట్టే లెక్క. ఇప్పుడు భోషాణాలు పోయాయి, బియ్యం గదులూ పోయాయి. గుత్తిలోకి కొత్తగా కారు తాళం వచ్చి చేరింది. చూడ్డానికి నల్లటి ప్లాస్టిక్ తల, దాని మీద రెండు మూడు బొత్తాలు. అంతే! కానీ గుత్తిలోని మిగతా తాళాలన్నీ కలిపినా దాని ఖరీదు చేయవు.

మన శ్రీకాకుళం, విజయనగరం వైపు ఉద్యోగాల రీత్యా మగవాళ్ళు విశాఖపట్నంలోనో, సైన్యంలోనో, గల్ఫ్ దేశాల్లోనో ఉండే ఇళ్ళు తక్కువేం కాదు. కారు మాత్రం ఇంటి ముందు ఉంటుంది. దాని తాళం వంటింటి గుమ్మం పక్కన మేకుకి వేలాడుతూ ఉంటుంది. కారు నడిపేది మనం కాకపోయినా, అది కనపడకపోతే ఇంటిల్లిపాదీ ముందుగా అడిగేది మనల్నే. "తాళం ఏదీ?" అని! అలాంటప్పుడు ఆ తాళం సంగతులు మనకి తెలిసుండాలా, వద్దా?

ఆ నల్లటి తలలో ఏముంది?

అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్ల రోజుల్లో కారు తాళం అంటే ఉత్త ఇనప ముక్కే. 1983 డిసెంబర్ 14న అప్పటి ప్రధాని ఇందిరాగాంధీ మొట్టమొదటి మారుతి 800 తాళాలు దాని యజమానికి అందించారు. అప్పటి తాళమూ అలాంటిదే. పోతే బజార్లో తాళాలు చేసేవాడి దగ్గరకి రెండోది పట్టుకెళ్ళి, మిషను మీద పళ్ళు కోయించుకుంటే సరిపోయేది.

తర్వాత కార్ల దొంగతనాలు పెరిగి, కంపెనీలు తాళానికి ఒక 'రహస్యం' జోడించాయి. తాళం తలలో బియ్యపు గింజ కంటే కాస్త పెద్దదైన చిన్న చిప్పు పెడతారు. తాళం దూర్చే చోట చుట్టూ ఒక తీగ చుట్ట ఉంటుంది. తాళం దూర్చి తిప్పగానే ఆ చుట్ట, చిప్పుని ఒక అంకె అడుగుతుంది. అంకె సరిపోతే బండి కదులుతుంది. సరిపోకపోతే ఇంజను ఒక్క క్షణం గుర్రుమని ఆగిపోతుంది, లేదా అసలు అందుకోదు. దీన్ని ఇమ్మొబిలైజర్ అంటారు. యూరప్ దేశాల్లో 1998 నాటికి కొత్త కార్లకి దీన్ని తప్పనిసరి చేశారు. మన దేశంలోనూ ఇప్పటి కార్లలో చాలావాటికి ఇది ఉంటుంది.

అందుకే పళ్ళు అచ్చంగా అలాగే కోసిన తాళం తెచ్చినా తలుపు తెరుచుకుంటుంది గానీ బండి కదలదు. "తాళం బాగా చేయలేదు" అని చేసినవాణ్ణి తిట్టి లాభం లేదు. కొత్త తాళంలోని చిప్పుని కారుకి పరిచయం చేయాలి. అది మిషను మీద కాదు, కంప్యూటరు మీద చేసే పని.

ఇంకో సంగతి. ఈ చిప్పుకి బ్యాటరీ అక్కర్లేదు. బ్యాటరీ కావలసింది పైనున్న బొత్తాలకి మాత్రమే. కాబట్టి బొత్తాలు పనిచేయకపోతే తాళం మొత్తం పాడైందని అనుకోవద్దు. తాళాన్ని తలుపు కన్నంలో పెట్టి తిప్పండి. ఒక్కోసారి సైరను మోగుతుంది. భయపడకుండా లోపల కూర్చుని తాళం తిప్పితే చాలా కార్లలో అదే ఆగిపోతుంది.

తాళం దూర్చే పని లేకుండా, బొత్తాం నొక్కితే స్టార్టయ్యే కార్లు కూడా ఇప్పుడు ఎక్కువయ్యాయి. వాటి తాళంలో బ్యాటరీ అయిపోతే దాని పక్కన చిన్న నొక్కుడు ఉంటుంది చూడండి, లోపలి నుంచి సన్నటి ఇనప తాళం బయటికొస్తుంది. దాంతో తలుపు తీసి, నల్లటి తాళాన్ని స్టార్టు బొత్తాం మీద ఆనించి నొక్కితే చాలా కార్లు కదులుతాయి. ఇది తెలియక బండిని లాగించుకుపోయి డబ్బు తగలేసుకునేవాళ్ళు ఎందరో!

పోయిందని తెలియగానే...

పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి విజయనగరం వెళ్ళామనుకోండి. మూడు లాంతర్ల దగ్గర ఆ జనసముద్రంలో సంచి తడుముకుంటే తాళం లేదు! అరసవల్లి రథసప్తమి నాడైనా, శంబర పోలమాంబ జాతరలోనైనా ఇదే అవస్థ. అప్పుడు ఏం చేయాలి?

మొదట ఎవరో ఒకర్ని కారు దగ్గర ఉంచండి. అందరూ కలిసి వెతకడానికి పోవద్దు. తాళం దొరికినవాడు బొత్తాం నొక్కితే ఏ కారు దీపాలు మిణుకుమంటాయో అదే మీ కారని వాడికి తెలిసిపోతుంది. తర్వాత కొబ్బరికాయలు కొన్న కొట్టు, చెప్పులు విడిచిన చోటు, ప్రసాదం తీసుకున్న కౌంటరు... వెళ్ళిన దారినే వెనక్కి రండి. ఉత్సవాల్లో మైకు ఉంటుంది కదా, చెప్పించండి. సిగ్గుపడాల్సిందేం లేదు.

దొరకలేదా? దగ్గర్లోని పోలీసు స్టేషనులో తాళం పోయిందని కాగితం రాసిచ్చి, ఇచ్చినట్టు ముద్ర వేయించిన నకలు తెచ్చుకోండి. "తాళం ముక్కకి పోలీసులెందుకు?" అంటారు మన మగవాళ్ళు. ఎందుకంటే రేపొద్దున్న కర్మంజాలక ఆ తాళంతోనే ఎవరైనా కారు ఎత్తుకుపోతే, ఇన్సూరెన్సు వాళ్ళు మామూలుగా అడిగేది "రెండు తాళాలూ చూపించండి" అనే. ఒకటి ఎప్పుడో పోయింది అంటే, దానికి రుజువేదీ అంటారు. ఆ నకలే రుజువు.

అలాగే ఇన్సూరెన్సు కాగితాలు ఒకసారి తీసి చూడండి. తాళం పోయినా పాడైనా కొత్తది చేయించిన ఖర్చు ఇచ్చే అదనపు రక్షణ కొన్ని పాలసీల్లో ఉంటుంది. దానికి కాస్త ఎక్కువ కట్టి ఉంటారు, కట్టిన సంగతే మరిచిపోయి ఉంటారు!

ఎక్కడ చేయించాలి?

మొదటి దారి కంపెనీ షోరూము. కారు ఆర్‌సీ, ఆధార్ కార్డు, ఇన్సూరెన్సు నకలు, పోలీసులకిచ్చిన కాగితం పట్టుకెళ్ళాలి. షోరూమువాళ్ళు కారు ఛాసిస్ నంబరు చూసి కంపెనీకి రాసి కొత్త తాళం తెప్పిస్తారు. దానికి కొన్ని రోజులు, ఒక్కోసారి వారాలు కూడా పడుతుంది. ఖర్చు ఎక్కువే గానీ తాళం అసలుది.

కారు కొన్న రోజున తాళాలతో పాటు చిన్న రేకు బిళ్ళో, కార్డో ఇస్తారు. దాని మీద అంకెలుంటాయి. అదే ఆ తాళం నంబరు. పిల్లలు ఆడుకోవడానికి ఇచ్చేస్తారు కొందరు, కారులోనే పడేస్తారు ఇంకొందరు. రెండూ తప్పే. అది నగలతో పాటు బీరువాలో ఉండాల్సిన వస్తువు. నంబరు ఉంటే కొత్త తాళం తెప్పించడం చాలా తేలికవుతుంది.

రెండో దారి బయట తాళాలు చేసేవాళ్ళు. ఇప్పుడు వాళ్ళలో చిప్పు తాళాలకి కావలసిన కంప్యూటర్లు పెట్టుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. షోరూము కంటే తక్కువలో అవుతుంది, ఒక్క పూటలో పని ముగుస్తుంది. అయితే మనిషిని చూసుకుని ఇవ్వాలి. ఆర్‌సీ చూపించమని అడిగేవాడు మంచివాడు. అడక్కుండానే చేసిచ్చేవాడు రేపు దొంగకీ చేసిస్తాడు! కారు వదిలేసి ఇంటికి రాకండి, పని అయ్యేదాకా ఎవరో ఒకరు పక్కనుండాలి. ఖరీదు ముందే మాట్లాడుకోండి. తాళం చేతికొచ్చాక తలుపు, డిక్కీ, ఇంజను, బొత్తాలు నాలుగూ పరీక్షించాకే డబ్బివ్వండి.

ఎక్కడ చేయించినా ఒక మాట తప్పకుండా చెప్పండి. పోయిన తాళాన్ని కారు జ్ఞాపకంలోంచి తీసేయమని! అది చేస్తే పాత తాళం దొరికినవాడు తలుపు తీయగలిగినా బండిని నడపలేడు.

ఒకటి ఉండగానే రెండోది

ఈ వ్యాసమంతా మర్చిపోయినా ఈ ఒక్క ముక్క గుర్తుంచుకోండి.

కొత్త కారుతో సాధారణంగా రెండు తాళాలిస్తారు. ఒకటి పోతే "పోన్లే, ఇంకోటుందిగా" అని ఊరుకుంటాం. అసలు ప్రమాదం అక్కడే ఉంది. చేతిలో పనిచేసే తాళం ఒకటున్నప్పుడు రెండోది చేయడం తేలిక. చాలా కార్లలో ఉన్న తాళం ఆధారంగానే కొత్తదాన్ని పరిచయం చేస్తారు. బండిని మీరే నడిపించుకుని తీసుకెళ్ళొచ్చు, బేరమాడొచ్చు, రెండు చోట్ల అడిగి చూసుకోవచ్చు.

అదే రెండూ పోయాయనుకోండి. బండి ఉన్నచోటే ఉండిపోతుంది. దాన్ని లారీ మీద ఎక్కించి షోరూముకి చేర్చాలి, లేదా పనివాణ్ణే కారు దగ్గరకి పిలిపించాలి. కొన్ని కార్లకి తాళం కప్పలు మొత్తం మార్చాలి, కొన్నింటికి ఇమ్మొబిలైజర్ పెట్టె కూడా మార్చాల్సి వస్తుంది. వందల్లో అయ్యే మామూలు తాళం సంగతి వేరు. చిప్పు తాళమైతే వేలు. బొత్తాం స్టార్టు బండి తాళాలు రెండూ పోతే ఆ ఖర్చుతో ఒక చిన్న ఫంక్షను చేయొచ్చు! పలాస పెళ్ళికో, బొబ్బిలి పేరంటానికో వెళ్ళినచోట ఇది జరిగితే ఇంక చెప్పేదేముంది? చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే.

పాత కారు కొనేవాళ్ళూ బేరం తేల్చేముందే "రెండో తాళం ఏదీ?" అని అడగండి. లేదంటే ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి. రెండూ ఇచ్చినా, మూడోది ఎవరి దగ్గరైనా ఉందేమో ఎవరు చూడొచ్చారు? కారు జ్ఞాపకంలో ఎన్ని తాళాలున్నాయో చూపించుకుని, మనవి తప్ప మిగతావి తీయించేయడం మంచిది.

తడిస్తే, విరిగితే

ప్యాంటు జేబులో మర్చిపోయిన తాళం వాషింగ్ మిషనులో తిరిగి రావడం ఏ ఇంట్లో జరగదు గనక! అది కనపడగానే పనిచేస్తుందా లేదా అని బొత్తాలు నొక్కకండి. వెంటనే మూత తెరిచి, లోపలి గుండ్రటి బ్యాటరీ తీసేయండి. మెత్తటి పొడి బట్టతో అద్ది, నీడలో ఫ్యాను గాలికి ఒకటి రెండు రోజులు ఆరనివ్వండి. పొయ్యి దగ్గర పెట్టొద్దు, మండుటెండలో పెట్టొద్దు. బియ్యపు డబ్బాలో పాతిపెడితే బియ్యం దుమ్ము లోపలికి పోతుంది. బారువ, కళింగపట్నం బీచిల్లో ఉప్పునీట్లో పడితే మాత్రం బ్యాటరీ తీశాక ముందు మంచినీళ్ళతో కడిగి, అప్పుడు ఆరబెట్టాలి. ఉప్పు ఉండిపోతే లోపలి తీగల్ని తినేస్తుంది.

బ్యాటరీ మార్చడం మనమే చేసుకోవచ్చు. దాని మీద 2032 అనో, 1620 అనో అంకె ఉంటుంది. అదే అంకెది కొనండి. పాతదాన్ని మాత్రం ఎక్కడపడితే అక్కడ పడేయకండి. పసిపిల్లలు మింగితే రెండు గంటల్లోనే లోపల అన్నవాహిక కాలి పుండు పడే ప్రమాదముంది. మింగారని అనుమానం వచ్చినా చాలు, తగ్గుతుందిలే అని చూడకుండా ఆసుపత్రికి పరిగెత్తాలి.

బొత్తాల రబ్బరు చిరిగిపోతే పైడొప్ప ఒక్కటీ మార్చుకోవచ్చు. తక్కువలో అవుతుంది. కానీ ఇక్కడో చిక్కుంది. రాజాంలో మా తోటికోడలు ఒక షాపులో పైడొప్ప మార్పించింది. కొత్త పెళ్ళికూతురిలా మెరిసిపోతోంది తాళం! ఇంటికొచ్చి చూస్తే తలుపులు తెరుచుకుంటున్నాయి, బండి కదలదు. రెండు పూటలు తలలు బద్దలుకొట్టుకున్నాక ఎవరో చెప్పారు, కొన్ని తాళాల్లో ఆ చిప్పు విడిగా పాత డొప్ప లోపల అతికించి ఉంటుందని. ఇంకేముంది, ఆ షాపు చెత్తబుట్టలో పాత డొప్పలన్నీ కుమ్మరించి తనది వెతుక్కుంది. అదృష్టం కొద్దీ చెత్తబండి ఇంకా రాలేదు కాబట్టి సరిపోయింది! కాబట్టి డొప్ప మార్చినప్పుడు పాతది అడిగి తెచ్చుకోండి. బండి కదిలిందని చూసుకున్నాకే పారేయండి.

తాళం వంగితే దాన్ని అలాగే దూర్చి బలవంతాన తిప్పొద్దు, లోపల విరుగుతుంది. విరిగితే జిగురు పూసి లాగే ప్రయత్నం అసలొద్దు. రెండు ముక్కలూ దాచండి. వాటిని జోడించి చూసి కొత్తది కోయగలరు. మన సముద్రపు గాలికి తలుపు తాళాలు బిగుసుకుపోతుంటాయి. వంటనూనె, కొబ్బరినూనె పోయకండి, దుమ్ము పట్టి ఇంకా బిగుస్తుంది. పెన్సిల్ ములుకు పొడి తాళానికి రాసి నాలుగుసార్లు తిప్పి చూడండి, చాలాసార్లు వదులవుతుంది.

తాళం కంటే పిల్లలు ముఖ్యం

ఇంతవరకు డబ్బు గురించే మాట్లాడుకున్నాం. డబ్బుకి మించినది ఇప్పుడు చెప్పాలి. 2025 మే 18, ఆదివారం. విజయనగరం దగ్గర ద్వారపూడి గ్రామంలో ఆడుకుంటూ వెళ్ళిన నలుగురు చిన్నపిల్లలు ఆగి ఉన్న కారులోకి ఎక్కారు. తలుపులు పడిపోయాయి. మళ్ళీ తీసుకోవడం వాళ్ళకి చేతకాలేదు. వెతికి వెతికి కారు దగ్గరకి వచ్చేసరికి నలుగురూ ఊపిరాడక చనిపోయి ఉన్నారు. ఆ తల్లుల కడుపుకోత తలుచుకుంటే చేయి వణుకుతుంది.

తలుపులు మూసిన కారు ఎండలో ఉంటే లోపలి వేడి పది నిమిషాల్లోనే సుమారు పది డిగ్రీలు పెరుగుతుంది. అద్దం కాస్త దించి ఉంచినా పెద్ద తేడా ఉండదు. పసివాళ్ళ ఒళ్ళు పెద్దవాళ్ళ కంటే చాలా త్వరగా వేడెక్కిపోతుంది. అందుకే ఇంటి ముందు ఆగిన కారుకి ఎప్పుడూ తాళం వేసి ఉండాలి. ఆ తాళం పిల్లల చేతికి అందని ఎత్తులో ఉండాలి. పిల్ల ఏడుస్తోందని ఆడుకోవడానికి కారు తాళం ఇవ్వడం ఈ రోజుతో మానేద్దాం.

తాళం లోపల, పిల్ల లోపల, తలుపులు బిగిసిపోయాయి అనుకోండి. రెండో తాళం చేతికి అందేంత దగ్గరలో ఉంటే పరుగున తెచ్చి తీయండి. లేదా? ఊళ్ళో తాళాలవాడి కోసం మనిషిని పంపి ఎదురుచూడొద్దు. ఒకరు 112కి ఫోను చేస్తుంటే ఇంకొకరు అద్దం పగలగొట్టండి. ముందు అద్దం తేలిగ్గా పగలదు. పిల్లకి దూరంగా ఉన్న పక్క అద్దం మూల మీద రాయో, పొత్రమో, స్పానరో పెట్టి గట్టిగా కొట్టండి. పొడిపొడిగా రాలిపోతుంది. పిల్లని నీడకి తెచ్చి, బట్టలు వదులు చేసి, తడిబట్టతో ఒళ్ళు తుడుస్తూ విసరండి. 108లో ఆసుపత్రికి తీసుకెళ్ళండి. అద్దం మళ్ళీ కొనుక్కోవచ్చు.

కాస్త ఊహ తెలిసిన పిల్లలకి ఆటలాగా నేర్పండి. వెనక తలుపుకి చైల్డ్ లాక్ వేసి ఉంటే అది లోపలి నుంచి తెరుచుకోదు, ముందు సీట్లోకి వచ్చి అక్కడి తలుపు పిడి లాగాలి. రాకపోతే హారను మోగిస్తూనే ఉండాలి. తాళం లేకపోయినా చాలా కార్లలో హారను మోగుతుంది.

ఈ వారమే చేయవలసినవి

* ఇంట్లో పనిచేసే కారు తాళాలు రెండూ ఉన్నాయో లేదో చూడండి. ఒకటే ఉంటే రెండోది ఈ నెలలోనే చేయించండి.
* రెండో తాళం ఎప్పుడూ కారులో ఉంచొద్దు. ఇంట్లో ఒకే చోట ఉంచి, ఇద్దరికి చెప్పండి. దూరప్రయాణాల్లో అది మరొకరి సంచిలో ఉండాలి.
* రెండో తాళంతో అప్పుడప్పుడు బండి తీయండి. వాడకపోతే బ్యాటరీ అయిపోయిందో లేదో తెలీదు.
* తాళం నంబరు బిళ్ళ, ఆర్‌సీ నకలు, ఇన్సూరెన్సు నకలు ఒకే కవరులో పెట్టి బీరువాలో దాచండి.
* తాళానికి ఇంటి చిరునామా, బండి నంబరు రాసిన బిళ్ళ తగిలించకండి. దొంగకి దారి చూపినట్టే. ఫోను నంబరు ఒక్కటీ చాలు.
* మేకు పిల్లలకి అందే ఎత్తులో ఉంటే ఇవాళే పైకి మార్చండి.

'తాళం వేశాను, గొళ్ళెం మరిచాను' అని మనవాళ్ళ సామెత. కారు విషయంలో మనం మరిచేది ఆ రెండో తాళాన్నే. వంటింట్లో ఉప్పు నిండుకోక ముందే తెప్పించుకునే మనకి, ఈ ముందుచూపు కొత్త కాదు కదా!